పాక్ లోంగ్ టీవీ కట్టేసే వేళ

తర్మీజీకి ఏడాదికి రెండుసార్లు భక్తి పుట్టుకొచ్చేది. మార్చి మూడోవారంలో ఒక ఐదారు రోజులు, సెప్టెంబరు నాలుగోవారంలో ఇంకో ఐదారు రోజులు. మిగతా ఏడాదంతా ఆయన కాఫీకొట్టులో టీవీ పొద్దున గ్లాసులు కడిగిన దగ్గర్నుంచి రాత్రి బల్లలు ఎత్తేదాకా మోగుతూనే ఉండేది. మధ్యాహ్నం అజాన్ వినపడుతున్నా తెరమీద ఎవడో ఒకడు బంతి తన్నుతూనే ఉండేవాడు, ఎవరో ఒకామె అత్తగారి పోరు పడలేక ఏడుస్తూనే ఉండేది. ఆ పది పన్నెండు రోజులు మాత్రం అజాన్‌కి ముందే లేచి, "దేవుడి పిలుపు వచ్చే వేళయింది, కాస్త గౌరవం ఉండొద్దా" అంటూ టీవీ కట్టేసేవాడు. అరగంటదాకా మళ్ళీ పెట్టేవాడు కాదు.

ఇమాంగారు అది చూసి తెగ మురిసిపోయాడు. నలుగురిలో మెచ్చుకున్నాడు కూడా. ఊరంతా పాక్ లోంగ్, అంటే పెద్దయ్య, అని గౌరవంగా పిలిచే మనిషి టీవీ కట్టేస్తే ఎందుకు కట్టేశావని అడిగేవాళ్ళెవరు? ఎవరికీ అందులో వింత కనపడలేదు. కనపడింది ఒక్క సఫూరాకే. కాలవకి ఇవతలి ఒడ్డున అరటిపండు బజ్జీలు వేసుకుంటూ, అవతలి ఒడ్డున ఉన్న ఆ టీవీనే ఆరేళ్ళుగా చూస్తూ ఉంది ఆమె. టీవీ ఆరిపోయిన ప్రతిసారీ వంటింటి చెక్కగోడ మీద బొగ్గుతో తేదీ, వేళ రాసిపెట్టుకునేది. పొయ్యి పొగకి అక్షరాలు మసకబారితే మళ్ళీ దిద్దేది. పగ కూడా అంతే, దిద్దుతూ ఉండాలి. లేకపోతే మసకబారుతుంది.

పారిట్ నిబుంగ్ అనే ఆ ఊరు పోంతియానాక్ పట్నానికి పడవలో గంటన్నర దూరం. కపువాస్ నదిలోంచి చీలిన కాలవకి రెండువైపులా కర్రకాళ్ళ మీద ఇళ్ళు, వాటిని కలుపుతూ చెక్కబాట. పట్నం టవర్ల బొమ్మ అక్కడిదాకా రాదు. అందుకే ఇంటింటికీ ఒక డిష్. మా వైపు ఉపగ్రహం ఇంచుమించు నడినెత్తిన ఉంటుంది కాబట్టి, డిష్‌లన్నీ ఆకాశానికి నోరు తెరుచుకుని వెల్లకిలా పడుకుని ఉంటాయి. వాటిలో ఎండుటాకులు రాలతాయి, పిల్లులు పిల్లల్ని పెడతాయి, ఒక్కోసారి కోడి గుడ్డు కూడా దొరుకుతుంది.

ఆ డిష్‌లలో ముప్పాతికవంతు పెట్టింది సఫూరా మొగుడు సబ్రాన్. అతను పైన కప్పు మీద, ఆమె కింద టీవీ ముందు. అతను పానాతో మర వదులు చేసి డిష్‌ని వెంట్రుకవాసి జరిపేవాడు. ఆమె తెరమీద సిగ్నల్ గీతని చూస్తూ గొంతు చించుకునేది.

"నలభై! నలభైరెండు! ఎక్కుతోంది బాంగ్, ఎక్కుతోంది! అయ్యో, దిగిపోయింది! వెనక్కి, వెనక్కి! ఆఁ, అక్కడే! ఊపిరి బిగబట్టు!"

పెళ్ళైన పధ్నాలుగేళ్ళలో ఆ మొగుడూపెళ్ళాలు మాట్లాడుకున్న మాటల్లో సగం ఇవే. మా దగ్గర పెళ్ళాం మొగుణ్ణి 'బాంగ్' అంటుంది, కానీ అంత గట్టిగా ఊరంతా వినేలా అనేది సఫూరా ఒక్కతే. అటుగా పోయేవాళ్ళు, "ఏంటి మాక్ ఊసు, మొగుడి మీద వేలం పాడుతున్నావా?" అని వేళాకోళం ఆడేవాళ్ళు. మాక్ ఊసు అంటే చిన్నమ్మ. సఫూరా నవ్వేది, మళ్ళీ అరిచేది.

సబ్రాన్ దగ్గర సిగ్నల్ కొలిచే మీటరు లేదు. ఒక పాత దిక్సూచి, బుడ్డ స్పిరిట్ లెవెల్, వాళ్ళ నాన్న ఇచ్చిన పదిహేడో నంబరు పానా, అవే అతని ఆస్తి. ఇంకో కిటుకు కూడా ఉండేది. భూమధ్యరేఖ మీద ఉన్న మాకు ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ, నీడ పడని పూట వస్తుంది కదా, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి మనిషి నీడ కాళ్ళకిందే మాయమైపోయే పూట. అది దాటిన నాలుగైదు నిమిషాలకి డిష్ మీద మూడు కడ్డీలపై నిలబడే ఎల్‌ఎన్‌బి, అంటే సిగ్నల్ అందుకునే డబ్బీ, నీడ ఎక్కడ పడుతుందో చూసేవాడు. గిన్నె నడిమధ్యన పడితే డిష్ సరిగ్గా ఉన్నట్టు. పక్కకి పడితే పడినంతమేరా జరిపేవాడు. సూర్యుడు ఆ నిమిషంలో సరిగ్గా ఉపగ్రహం వెనకాల నిలబడతాడని, ఆ సూర్యుడి హోరులో ఉపగ్రహం మాట డిష్‌కి వినపడక బొమ్మ పోతుందని అతను ఎవరి దగ్గరా చదువుకోలేదు. కప్పుల మీద కూర్చుని కనిపెట్టాడు.

ఆరేళ్ళ కిందటి సెప్టెంబరులో, సరిగ్గా ఆ పూటే, తర్మీజీ కొట్టు పక్కింటి కప్పు మీద ఉన్నాడు సబ్రాన్. కొట్టులో నూటయాభై మంది. బ్యాడ్మింటన్ ఫైనలు, మనవాడు మూడో గేములో పద్దెనిమిది, అవతలివాడు పద్దెనిమిది. అప్పుడే బొమ్మ ముక్కలు ముక్కలైంది. తర్వాత తెర నల్లబడిపోయింది.

జనం గోలపెట్టారు. ఎవడో పైకి చూశాడు. పక్కకప్పు మీద పానా పట్టుకుని సబ్రాన్ కనపడ్డాడు. అంతే.

"వీడే! వీడే తిప్పేశాడు!" అన్నాడు తర్మీజీ. "వీడే పాడుచేస్తాడు, మళ్ళీ వీడే నిచ్చెన వేసుకుని బాగుచేయడానికి వస్తాడు. ఇన్నాళ్ళూ మనల్ని ఇట్టాగే తిన్నాడు!"

నలుగురు ఎక్కి సబ్రాన్‌ని కిందకి లాక్కొచ్చారు. అతను, "నేను ముట్టుకోలేదు పాక్ లోంగ్. సూర్యుడు అడ్డొచ్చాడు. ఇంకో ఐదు నిమిషాల్లో దానంతట అదే వస్తుంది" అన్నాడు.

కొట్టంతా పగలబడి నవ్వింది. "సూర్యుడు అడ్డొచ్చాడట రా! రేపు చంద్రుడొచ్చి కాఫీ తాగిపోయాడంటాడు!" నవ్వు ఇంకా ఆగకముందే తెరమీద బొమ్మ తిరిగి వచ్చింది. మనవాడు ఓడిపోయి చెయ్యి కలుపుతున్నాడు.

ఇంకేం కావాలి? మనిషిని కప్పు మీద నుంచి దించగానే టీవీ వచ్చింది. అంతకంటే సాక్ష్యం ఏముంటుంది? తర్మీజీ సబ్రాన్ చేతిలోని పానా లాక్కున్నాడు. సంచిలోంచి దిక్సూచి తీశాడు. రెండూ కొట్టు మెట్ల మీద నుంచి కాలవలోకి విసిరేశాడు. "ఇక ఈ ఊళ్ళో నువ్వు కోడిగూడు కప్పు కూడా ఎక్కకూడదు" అన్నాడు.

ఎక్కనివ్వలేదు కూడా. అప్పట్నుంచి సబ్రాన్ రంపపుమిల్లులో పొట్టు ఎత్తుతున్నాడు. ఇంటికొచ్చి, తిని, గుమ్మంలో కూర్చునేవాడు. తలెత్తి ఇంటికప్పుల వైపు చూసేవాడు కాదు. గొంతు చించుకుని అరిచే అవసరం లేక సఫూరా గొంతు కూడా సన్నబడిపోయింది. మొగుడి పేరు మళ్ళీ మొగుడికి రావాలి. అది పోయిన చోటే, పోగొట్టినవాడి నోటితోనే రావాలి. అంతకుమించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు, అంతకు తక్కువ ఇస్తానంటే తీసుకునేదీ కాదు.

మొదటి రెండేళ్ళు తర్మీజీని వట్టి మూర్ఖుడనే అనుకుంది. మూర్ఖుణ్ణి తిట్టుకుని ఊరుకోవచ్చు. మూడో ఏడు మార్చిలో ఒకరోజు బజ్జీలు తిప్పుతుంటే తన ఇంట్లో టీవీ పోయింది. అలవాటుగా కాలవ అవతలికి చూసింది. తర్మీజీ టీవీ అప్పటికే కట్టేసి ఉంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆమె చేతిలోని గరిటె అట్లాగే ఆగిపోయింది. టీవీ ఏ రోజుల్లో ఏ వేళకి పోతుందో వాడికి తెలుసు! ఒక్కరోజు పోతే మనిషి మీద అనుమానపడొచ్చు, కానీ సూర్యుడు ఒక్కరోజు వచ్చి పోడు కదా. ఆ గొడవ జరిగిన మర్నాడు కూడా, ఏ కప్పు మీదా ఎవరూ లేకుండానే, వాడి టీవీ పోయి ఉంటుంది. వాడు చూసే ఉంటాడు. సబ్రాన్ నిజమే చెప్పాడని ఒక్కరోజులో తెలిసిపోయి ఉంటుంది. తెలిసీ నోరు మూసుకున్నాడు. మూసుకుని, దానికి భక్తి ముసుగు వేశాడు.

ఆ రోజు బజ్జీలన్నీ మాడిపోయాయి. మర్నాటి నుంచి గోడ మీద రాత మొదలైంది.

మొగుడికి చెప్తే, "వదిలెయ్ సఫూరా. చెప్తే ఎవరు నమ్ముతారు? నా మాటకి నవ్వినవాళ్ళు నీ మాటకి నవ్వరా?" అన్నాడు.

"నవ్వనీ. నవ్విన నోళ్ళే మూతపడే రోజు తెస్తా."

"ఎట్లా?"

"ఆ టీవీ కట్టెయ్యడానికి వీల్లేని రోజు రావాలి. అంతే" అంది.

ఆ రోజు రావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. తర్మీజీకి ఒక్కతే మనవరాలు, నజ్వా. పట్నంలో హైస్కూలు చదువుతోంది. పట్నంలో భూమధ్యరేఖ స్తంభం దగ్గర నీడలేని పూట జరిగే ఉత్సవంలో వాళ్ళ స్కూలు పిల్లలు నాట్యం చేస్తున్నారని, దాన్ని దేశమంతా చూసే టీవీలో ప్రత్యక్షంగా చూపిస్తారని, సరిగ్గా నీడ మాయమయ్యే నిమిషంలో నజ్వా ముందువరసలో అడుగుపెడుతుందని కబురొచ్చింది. కబురు విన్న సఫూరా పొయ్యిలో కట్టె ఎగదోసి, చేతులు కడుక్కుని, కాస్త పౌడరు రాసుకుని, పళ్ళెం నిండా వేడి బజ్జీలు పెట్టుకుని వంతెన దాటింది. ఆరేళ్ళలో ఆ కొట్టులో ఆమె కాలుపెట్టడం అదే మొదటిసారి.

కొట్టులో ఇమాంగారు ఉన్నాడు. ఆయన ఉన్నవేళ చూసుకునే వెళ్ళింది. తర్మీజీ పెళ్ళాం మాక్ లోంగ్ అప్పుడే అంటోంది, "పడవ మాట్లాడండి, పట్నం పోయి పిల్లని కళ్ళారా చూసొద్దాం" అని.

"అయ్యో పాక్ లోంగ్, మీరెళ్ళిపోతే ఎట్లా?" అంది సఫూరా, గొంతులో తేనె పోసుకుని. "అక్కడ జనంలో ముందువాడి వీపు తప్ప ఏం కనపడుతుంది? ఇక్కడ ఊళ్ళోకల్లా పెద్ద టీవీ మీదే. మీ మనవరాలంటే మా అందరి మనవరాలు కాదా? ఊరంతా వచ్చి మీ పక్కన కూర్చుని చూస్తే ఆ గౌరవమే వేరు. ఇంటికో పళ్ళెం బజ్జీలు నేనే వేసిస్తా. ఏమంటారు ఇమాంగారూ?"

"మంచిమాట!" అన్నాడు ఇమాంగారు. "పాత గొడవలు మరిచిపోయి వచ్చిందయ్యా ఆ తల్లి. కాదనకు. నేనూ వస్తా. అజాన్‌కి సౌండు తగ్గిస్తే చాలు, పిల్ల నాట్యం మధ్యలో కట్టెయ్యక్కర్లేదు."

తర్మీజీ టీవీ వైపు చూశాడు. కొట్టులో ఉన్న పాతికమందీ అప్పటికే "మేమొస్తాం, మేమొస్తాం" అంటున్నారు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. పైగా ఊరంతా తన పక్కన కూర్చోవడం అన్న మాట వాడి చెవిలో తియ్యగా మోగింది. "సరే, రండి మరి. నేను పిలిస్తే రాకుండా ఉంటారా?" అన్నాడు.

వాడు మాత్రం తెలివితక్కువవాడా? రెండురోజులు ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. పాత డిష్ తుప్పుపట్టింది, చిన్నది, అందుకే ఆ రోజుల్లో సిగ్నల్ పట్టలేక ఆరిపోతోంది అనుకున్నాడు. పట్నం నుంచి ముగ్గురు పట్టాల్సినంత పెద్ద కొత్త డిష్ తెప్పించాడు. దాంతోపాటు మీటరున్న మనిషినీ రప్పించాడు. ఉత్సవం రేపనగా ఆ మనిషి సాయంత్రందాకా కప్పు మీద కూర్చుని, మీటరు కూతపెట్టిన చోట మరలు బిగించి, "ఇంతకంటే బాగా ఎవడూ పెట్టలేడు" అని దిగాడు.

సబ్రాన్ గుమ్మంలో కూర్చుని అదంతా చూశాడు. ఆరేళ్ళ తర్వాత తలెత్తి ఒక కప్పు వైపు చూశాడు.

"ఎట్లా పెట్టాడు?" అంది సఫూరా.

"బాగా పెట్టాడు. చాలా బాగా పెట్టాడు." ఇంకా ఆ కప్పు వైపే చూస్తూ అన్నాడు, "ఎంత సూటిగా పెడితే సూర్యుడు అంత సూటిగా తగులుతాడు."

ఆ మాటకి ఆమె ఆనందం అంతా ఇంతా కాదు. కానీ తెల్లారి లేచి చూస్తే ఆకాశం నిండా మబ్బు. నది మీద నుంచి నల్లగా, దట్టంగా కమ్ముకొచ్చింది. తొమ్మిదింటికి సన్నటి జల్లు పడింది. పదింటికి జల్లు ఆగింది గానీ మబ్బు కదల్లేదు. సూర్యుడు ఎటు ఉన్నాడో కూడా తెలియడం లేదు.

కాలవ అవతల తర్మీజీ కొట్టు ముందుకొచ్చి ఆకాశం వైపు చూశాడు. ఆరేళ్ళలో వాడి మొహం అంత వికసించడం సఫూరా చూడలేదు. డిష్ సంగతి అట్లా ఉంచితే, సూర్యుడే లేనప్పుడు ఇక అడ్డొచ్చేదెవరు? "రండి రండి! అందరికీ కాఫీ నాది!" అని చెక్కబాట పొడుగునా వినపడేలా కేకేశాడు. అంతటితో ఆగితే వాడు తర్మీజీ ఎందుకవుతాడు? ఇటు తిరిగి, "ఏం సబ్రాన్! నువ్వూ రా! ఇవాళ మీ సూర్యుడికి సెలవు!" అన్నాడు.

అటూ ఇటూ జనం నవ్వారు. అదే నవ్వు.

సఫూరా పిండిగిన్నె పక్కన చతికిలపడి ఏడ్చేసింది. మూడేళ్ళుగా గోడ మీద రాసిన రాతలన్నీ ఆ జల్లులో కొట్టుకుపోయినట్టనిపించింది. "మూడేళ్ళు వెతికి రోజు తెచ్చుకుంటే, ఈ మబ్బు ముండ ఇవాళే రావాలా!" అంది. "వాడికి మొక్కి, వాడి పెళ్ళాన్ని పొగిడి, నాలుగు గెలల అరటిపళ్ళు వాడి కొట్టుకి తగలేశాను బాంగ్. ఇక నా వల్ల కాదు."

సబ్రాన్ లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"చొక్కా ఎక్కడుంది?" అన్నాడు.

"ఏ చొక్కా?"

"మంచిది. పండగది." ఆమె అర్థంకాక చూస్తుంటే, మెల్లగా, పని నేర్పేటప్పుడు మాట్లాడే గొంతుతో చెప్పాడు. "మబ్బు మన కళ్ళకి అడ్డం సఫూరా. డిష్‌కి కాదు. వానలో టీవీ చూడటంలేదా మనం? ఉపగ్రహం నుంచి వచ్చేది మబ్బులోంచి దూరి వస్తే, సూర్యుడి నుంచి వచ్చేదీ దూరే వస్తుంది. మబ్బురోజున కూడా పోవడం నేను రెండుసార్లు చూశాను. పద, వాడు పిలిచాడుగా. పోదాం."

ఆమె ఒక్క ఉదుటున లేచి ముక్కు చీదుకుంటూనే చొక్కా వెతికింది.

కొట్టు కిక్కిరిసి ఉంది. సఫూరా మొగుణ్ణి తీసుకెళ్ళి అందరికన్నా ముందు, సరిగ్గా టీవీ కింద బల్ల దగ్గర కూర్చోబెట్టింది. "చేతులు బల్ల మీద పెట్టు బాంగ్. రెండూ. అందరికీ కనపడేట్టు" అంది. తర్మీజీ తనే కాఫీగ్లాసు తెచ్చి అతని ముందు పెట్టాడు. గెలిచినవాడికి ఆ మాత్రం దయ ఖర్చులేని పని కదా.

కొత్త డిష్ మహిమో ఏమోగానీ బొమ్మ అద్దంలా ఉంది. పట్నంలో స్తంభం చుట్టూ జనం. నీడలేని పూట గుడ్డు నిట్టనిలువుగా నిలుస్తుందని ఆడవాళ్ళు పలకల మీద కోడిగుడ్లు నిలబెడుతున్నారు. పదకొండూ ముప్పైమూడు. పసుపుపచ్చ పట్టుబట్టల్లో ఆడపిల్లలు వరసలుగా వచ్చారు.

"అదిగో! మూడోది! మూడోది మా నజ్వా!" అని మాక్ లోంగ్ వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. తర్మీజీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డోలు మీద దెబ్బపడింది. నజ్వా ఒక అడుగు ముందుకువేసి, తలవంచి, కుడిచెయ్యి పైకి లేపింది.

చెయ్యి సగంలో ఉండగా బొమ్మ బిగుసుకుపోయింది. పిల్ల మొహం నాలుగు గళ్ళుగా విడిపోయింది. తర్వాత తెర నల్లబడింది. మూలన సన్నటి అక్షరాలు: సిగ్నల్ లేదు.

ఎవడో పాత అలవాటుగా, "పైన ఎవడ్రా?" అని అరిచాడు. అందరి తలలూ ఒక్కసారి సబ్రాన్ వైపు తిరిగాయి. అతని రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి. మధ్యలో కాఫీగ్లాసు. పైకెక్కి చూసొచ్చినవాడు, "కప్పు మీద పిల్లి కూడా లేదు" అన్నాడు. ఈలోపు కాలవ రెండువైపుల నుంచీ కేకలు మొదలయ్యాయి. "మాదీ పోయింది! మీది వస్తోందా?" "మాదీ అంతే!"

సఫూరా లేచింది. ఆరేళ్ళుగా సన్నబడిన గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో, నది అవతలికి వినపడేలా వచ్చింది.

"ఇప్పుడు నవ్వండి! ఏం, ఒక్కరూ నవ్వరే? ఆరేళ్ళ కిందట ఇదే కొట్టులో, ఇదే వేళకి నా మొగుడు చెప్పాడు, సూర్యుడు అడ్డొచ్చాడని. నవ్వారు. ఇమాంగారూ, మీరు మెచ్చుకున్న భక్తి ఏ రోజుల్లోదో అడగండి ఈ పెద్దమనిషిని! మా వంటింటి గోడ మీద తేదీలున్నాయి, వచ్చి చూసుకోండి. సరిగ్గా టీవీ పోయే రోజుల్లో, సరిగ్గా పోయే వేళకి ముందు! అజాన్ మీద గౌరవమట! అజాన్ రోజూ లేదా? మిగతా రోజుల్లో దేవుడు దేవుడు కాడా?"

ఇమాంగారు మెల్లగా లేచాడు. "ఏంటయ్యా తర్మీజీ, ఇది నిజమేనా?"

జవాబు తర్మీజీ నుంచి కాదు, మాక్ లోంగ్ నుంచి వచ్చింది. మనవరాలి నాట్యం పోయిన కడుపుమంటలో ఆమె ఇంకేమీ చూసుకోలేదు.

"పట్నం పోదామని నెత్తీనోరూ కొట్టుకున్నానా లేదా? ఈ రోజుల్లో ఇది పోతుందని నీకు తెలియదా? ఆ గొడవైన మర్నాడే పోయిందిగా, నువ్వూ నేనూ ఇక్కడే నిలబడి చూశాంగా! ఎవరికీ చెప్పొద్దని నా నోరు నొక్కావు. నీ పరువు కోసం ఇవాళ నా పిల్ల ఆట మింగేశావు!"

ఆరేళ్ళ కిందట నిచ్చెనెక్కి సబ్రాన్‌ని లాగిన నలుగురిలో ముగ్గురు అక్కడే ఉన్నారు. వాళ్ళు తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

సబ్రాన్ గోడగడియారం వైపు చూసి, చాలా మామూలుగా అన్నాడు. "ఇంకో ఐదారు నిమిషాలు. ఎవర్నీ ఎక్కణ్ణుంచీ లాగక్కర్లేదు. దానంతట అదే వస్తుంది."

మధ్యలో అజాన్ వినపడింది. అందరూ కదలకుండా ఆ నల్లటి తెరనే చూస్తూ కూర్చున్నారు. సబ్రాన్ చెప్పిన నిమిషానికి బొమ్మ తిరిగి వచ్చింది, అద్దంలా. నాట్యం అయిపోయింది. ఎవరో అధికారి మైకు ముందు కాగితం చదువుతున్నాడు.

అప్పుడు బల్ల మీద తర్మీజీ ఫోను మోగింది. నజ్వా. వాడు తీయలేదు. మాక్ లోంగ్ తీసి, అందరికీ వినపడేలా పెట్టి మొగుడి మొహం ముందు పట్టుకుంది.

"తాతా! చూశావా నన్ను? చెయ్యి ఎత్తేటప్పుడు నీకోసమే కెమెరా వైపు చూశాను! చూశావా?"

ఆ పిల్ల గొంతు విన్నప్పుడు సఫూరా గుండెలో ఒక ముల్లు కదిలింది. ఆ పిల్లేం చేసింది పాపం? కానీ ఆమె కదల్లేదు, తల తిప్పుకోలేదు. తర్మీజీ కళ్ళలోకే చూస్తూ నిలబడింది. చూశాను అని అబద్ధం చెప్తే చెప్పనీ, ఊరంతా వింటోంది.

"లేదమ్మా" అన్నాడు తర్మీజీ. "చూడలేకపోయాను. సూర్యుడు... సూర్యుడు అడ్డొచ్చాడు."

అటువైపు కిలకిలా నవ్వు. "టీవీకి సూర్యుడు అడ్డురావడమేంటి తాతా! ఎవరు చెప్పారు నీకు?"

వాడు చెమట తుడుచుకున్నాడు. ఇమాంగారి వైపు చూశాడు. బల్ల మీద ఉన్న ఆ రెండు చేతుల వైపు చూశాడు.

"సబ్రాన్ చెప్పాడు" అన్నాడు. "ఆరేళ్ళ కిందటే చెప్పాడు. నిజమే చెప్పాడు. నేనే... నేనే దొంగని."

సబ్రాన్ అప్పుడు బల్ల మీద నుంచి చేతులు తీసి, చల్లారిన కాఫీ ఎత్తి, చివరి చుక్కదాకా తాగాడు.

ఆ సాయంత్రానికే ముగ్గురు ఇంటికొచ్చి డిష్ చూడమని అడిగారు. సబ్రాన్ వస్తానన్నాడు. సఫూరా మాత్రం అడ్డం నిలబడింది. "మా ఆయన పానా లేకుండా ఎట్లా వస్తాడు? అది కాలవలో ఉంది. వేసినవాళ్ళు తీసిస్తే వస్తాడు" అంది. కొత్తది కొనిస్తానని తర్మీజీ కబురంపాడు. "వాళ్ళ నాన్న ఇచ్చింది కావాలి. పదిహేడో నంబరు" అని తిరుగు కబురంపింది.

మర్నాటి నుంచి నీళ్ళు తగ్గిన వేళల్లా పాక్ లోంగ్ తర్మీజీ లుంగీ ఎగ్గట్టుకుని, తన కొట్టు మెట్లకింద మోకాలిలోతు బురదలో వంగి చేతులతో దేవుకునేవాడు. ఆరేళ్ళ బురద. తుప్పురేకులు దొరికాయి, సీసాపెంకులు దొరికాయి, ఎవరిదో పాత చెప్పు దొరికింది. పైన కొట్టులో టీవీ మోగుతూనే ఉంది. సఫూరా ఇవతలి ఒడ్డున బజ్జీలు వేసుకుంటూ చూసేది. అంత శ్రద్ధగా ఆమె ఏ సీరియలూ చూసి ఉండదు.

మూడోరోజు సబ్రాన్‌కి మనసాగలేదు. "పెద్దవాడు. నడుం పట్టేసింది పాపం. చాల్లే సఫూరా, పైకి రమ్మను" అన్నాడు.

ఆమె నూనెలోంచి బజ్జీలు తీసి, గరిటెతో ఒకసారి దులిపి, పళ్ళెంలో వేసింది.

"మూడు రోజులేగా అయింది బాంగ్" అంది. "ఆరేళ్ళు ఇంకా కాలేదుగా."